సవర పిల్లల పంతులుగారు – గిడుగు వెంకట రామమూర్తి జీవితము

ఈ శతవార్షిక సంచికలో మన మందిరములను గూర్చి, మన సంఘములకు పునాది వేసిన పెద్దలను గూర్చి సోదరీ సోదరులు అనేకులు వ్రాస్తున్నారు. మేము మన సంఘపు రిజిస్టర్లలో పేరు లేని ఒక పెద్దమనిషిని గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచాము. ఆయన శ్రీకాకుళం సీమలో పుట్టి, విజయనగరంలో చదువుకొని, పర్లాకిమిడిలో ముప్పది యేండ్లు బడిపంతులుగా పనిచేసిన గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు. మన సంఘ సభ్యులలో ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవారు, ఉండి విశ్రాంతి తీసుకొంటున్నవారు ఎందరో ఉన్నారు. ఆయన జీవితము వారికి, బడికి పోయే పిల్లలు గల తల్లిదండ్రులకు ఉపయోగపడగలదని మా నమ్మకము.

ఆయన పేరు వినని తెలుగువారు అరుదు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని ఏటా తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొంటున్నాము. ఆనాడు సభలలో వక్తలందరు వ్యావహారిక భాషోద్యమమును గూర్చి మాట్లాడతారు. గ్రాంథికవాదులతో ఆయన చేసిన వాదములను తలచుకొంటారు. అది తగినదే. అయితే ఆ ఉద్యమమునకు ముందే ఆయన మన మన్యపు కొండల ప్రజల కొరకు మరియొక పని మొదలుపెట్టారు. పంతులు చెప్పే మాట అర్థము కాని సవర పిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పించారు. ఈ పనికి ఆయన తన జీతము, తన తీరిక, చివరకు తన వినికిడి కూడా ఇచ్చుకొన్నారు. దీనిని గూర్చి తెలుసుకొంటే గాని ఆయన తెలుగు కొరకు చేసిన పోరాటము సైతము సరిగా అర్థము కాదని మేము తలుస్తున్నాము.

బాల్యము, విద్య

రామమూర్తిగారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేట అను గ్రామములో జన్మించారు. వంశధార నది ఒడ్డున ఉన్న ఆ ప్రాంతము అప్పటికి గంజాం జిల్లాలోనిది. శ్రీకాకుళం జిల్లా 1950లోను, విజయనగరం జిల్లా 1979లోను ఏర్పడినవి గనుక ఆ కాలమున ఈ పేర్లతో జిల్లాలు లేవు. తండ్రి వీర్రాజుగారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. తల్లి వెంకమ్మగారు. తండ్రికి చోడవరం బదిలీ కాగా, అక్కడ 1875లో జ్వరము వచ్చి ఆయన మరణించారు. అప్పటికి రామమూర్తిగారికి పన్నెండేండ్లు.

తండ్రి పోయిన పిల్లవానికి మేనమామగారు ఆశ్రయమిచ్చారు. విజయనగరం మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చేరి ఆయన చదువుకొన్నారు. తరువాత కన్యాశుల్కము వ్రాసి కీర్తి గడించిన గురజాడ అప్పారావుగారు ఆ బడిలో ఆయనకు తోటి విద్యార్థి. ఇద్దరి స్నేహము జీవితాంతము నిలిచింది. 1879లో మెట్రిక్యులేషను పరీక్ష ప్యాసయ్యారు. ఆ సంవత్సరమే వివాహము జరిగింది. కుటుంబ భారము మీద పడినందున పై చదువు ఆపుకొని, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు ముప్పది రూపాయల జీతము మీద ఫస్టు ఫారము పిల్లలకు చరిత్ర చెప్పే ఉపాధ్యాయుడుగా చేరారు. పంతులుగా పనిచేస్తూనే ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ., తరువాత బి.ఏ. పూర్తి చేశారు.

ఆయనది ఊరికే కూర్చునే స్వభావము కాదు. చరిత్ర చెప్పేవాడు చరిత్ర మూలములు చూడవలెనని తలచి, శ్రీముఖలింగం దేవాలయములోని శాసనముల పాత లిపులను ఎవరి సహాయము లేకుండ పుస్తకములు తెప్పించుకొని నేర్చుకొన్నారు. ఆ పనిలోనే ఉండిపోయినా శాసన పరిశోధకుడుగా ఆయనకు పేరు వచ్చేది. కాని ఆయన చూపు రాళ్ల మీదనుండి కొండల మీదికి మళ్లింది.

కొండ మీద మాట, బడిలో మాట

పర్లాకిమిడి చుట్టు ఉన్న కొండలలో సవరలు నివసిస్తారు. మనవైపు సీతంపేట, భామిని, మెళియాపుట్టి, మందస, గుమ్మలక్ష్మీపురం, కురుపాం మండలములలో నేటికిని వారి ఊళ్లు ఉన్నవి. కొండ వాలున పోడు చేసుకొని, చోళ్లు, కందులు పండించుకొని, పసుపు, చింతపండు సంతలకు దింపుకొని బ్రతికే జనము. సంతలో తూకము వారికి తెలియని భాషలో జరిగేది. కచేరీలో వాజ్యము వారికి తెలియని భాషలో జరిగేది. నడుమ దుబాసీ ఏమి చెబితే అదే నిజము. చదువు వస్తే గాని ఈ జనము బాగుపడదని చూసిన వారికెవరికైనా తోస్తుంది. రామమూర్తిగారు అంతటితో ఆగలేదు. ఏ భాషలో చెప్పిన చదువు వారికి వస్తుందని ఆలోచించారు.

సవర భాష తెలుగునకు చుట్టము కాదు. ఒడియాకును కాదు. తెలుగు ద్రావిడ కుటుంబములోనిది. సవర ముండా శాఖకు చెందినది. బీహారు, ఝార్ఖండు ప్రాంతపు ముండారి, సంతాలీ భాషలు దానికి దగ్గరి బంధువులు. దూరపు బంధువులు ఆగ్నేయ ఆసియా దేశములలో ఉన్నవి. అందులో గొంతు దగ్గర శ్వాస చటుక్కున ఆగే ధ్వని ఒకటి ఉన్నది. దానికి తెలుగులో అక్షరము లేదు. తెలుగువారి చెవికి అది ఆనదు. మనము మూడు నాలుగు మాటలలో చెప్పే సంగతిని సవరలు క్రియలోనే నామమును ఇమిడ్చి ఒక్క మాటగా చెప్పగలరు.

లెక్కల సంగతి చూడండి. మనము పదులతో లెక్కిస్తాము. సవరలు పన్నెండు వరకు వేరు వేరు పేర్లు చెప్పి, ఆపైన పన్నెండున్నొకటి, పన్నెండున్రెండు అని పంతొమ్మిది వరకు పోతారు. అక్కడినుండి ఇరవై లెక్క. ముప్పది మూడు అనవలసివస్తే ఒక ఇరవై, ఒక పన్నెండు, ఒకటి. తొంబది తొమ్మిది అనవలసివస్తే నాలుగు ఇరవైలు, ఒక పన్నెండు, ఏడు. ఇది మన లెక్క వలెనే నిర్దుష్టమైన లెక్క. ఇట్లు లెక్కించుట ఇంటి దగ్గర నేర్చుకొన్న పిల్లవానిని బడిలో కూర్చుండబెట్టి పది, పదకొండు అని తెలుగులో ఎక్కములు వల్లింపజేస్తే వాడు మాట్లాడడు. పంతులు వానిని మందబుద్ధి అంటాడు. నాలుగు నాళ్లలో వాడు బడి మానివేస్తాడు. కొండ జాతివారికి చదువబ్బదు అను మాట అట్లు పుట్టినదే.

ఈ మాటను రామమూర్తిగారు ఒప్పుకొనలేదు. పిల్లవానికి తెలివి లేకపోలేదు, పంతులుకే పిల్లవాని భాష రాదు అని ఆయన గ్రహించారు. పంతులు ముందుగా నేర్చుకొనవలసినవాడు అయినాడు. ఆయన ఆ నేర్చుకొనుట తనతోనే మొదలుపెట్టారు.

భాష నేర్చిన విధము

సవర భాషకు అప్పటికి లిపి లేదు, వ్యాకరణము లేదు, నిఘంటువు లేదు. నేర్చుకొనదలచినవాడు మనిషి నోటినుండి వినవలసినదే. తెలుగును సవరను రెండును తెలిసిన ఒక మనిషిని రామమూర్తిగారు తన ఇంటిలోనే పెట్టుకొన్నారు. ఒక బ్రాహ్మణ గృహస్థు 1890ల కాలమున కొండవారితో కలసి మెలసి తిరిగేవానిని ఇంటిలో ఉంచుకొని శిష్యునివలె ఎదుట కూర్చుండుట ఎంత పెద్ద సంగతో ఆనాటి కట్టుబాట్లు ఎరిగినవారికి చెప్పనక్కర లేదు. పగలు బడిలో చరిత్ర చెప్పి, తీరిక వేళలలో సవర మాటలు ఒక్కొక్కటే వ్రాసుకొనేవారు. సెలవులలో కొండలెక్కి ఊరూరు తిరిగేవారు. దుబాసీ చెప్పిన మాటను ఊరివారి నోట విని సరిచూసుకొనేవారు.

ఎడ్గార్ థర్స్టన్ దొర దక్షిణ భారతపు కులములను, తెగలను గూర్చి 1909లో ప్రకటించిన పెద్ద గ్రంథములో సవరలను గూర్చిన భాగమునకు సమాచారమిచ్చిన వారిలో రామమూర్తిగారు ముఖ్యులు. పండితులు ఆయనను అడిగి తెలుసుకొనే స్థితికి వచ్చారు. కాని తాను సంపాదించిన జ్ఞానము పండితుల అలమారులలో ఉండిపోవుట ఆయనకు ఇష్టము లేదు. అది మరల కొండ ఎక్కి పిల్లలకు చేరవలెను.

సవర బడులు

అందుకొరకు ఆయన సవరల ఊళ్లలో బడులు పెట్టారు. ప్రభుత్వపు గ్రాంటు కొరకు కాచుకొని కూర్చుండక తన సొంత డబ్బుతో పెట్టారు. ఆ బడులలో పనిచేసే పంతుళ్లకు జీతములు తానే ఇచ్చారు. రాజావారి బడిలో జీతము తీసుకొనే మధ్యతరగతి సంసారికి ఇది చిన్న భారము కాదు. బడికి వచ్చే పిల్లవానికి మొదటి దినమున మొదటి మాట సవరలోనే వినబడింది. అది ఆ కొండలలో అంతకుముందు జరగని సంగతి.

బడి అనగా గుడిసె, పంతులు మాత్రమే కాదు. పుస్తకము కావలెను. ఆయన సవర వాచకములు తయారుచేశారు. సవరల కథలను, పాటలను సేకరించి పుస్తకములుగా కూర్చారు. పిల్లలకు, పంతుళ్లకు అక్కరకు వచ్చే పదకోశములు కట్టారు. ఈ బడిపుస్తకములకు తెలుగు లిపినే వాడుకొన్నారు. దీనివలన పిల్లవాడు తన భాషలో చదువుట నేర్చిన వెంటనే, అదే అక్షరములతో తెలుగు చదువుటకు దారి ఏర్పడుతుంది. తెలుగు వద్దని ఆయన అనలేదు. సంతలోను కచేరీలోను సవర మోసపోకుండ ఉండవలెనంటే తెలుగు కావలెను. ఆ తెలుగునకు మెట్లు సవరనుండి కట్టవలెనని మాత్రమే ఆయన పట్టుపట్టారు.

సవర పుస్తకములకు ప్రభుత్వము పారితోషికము ఇవ్వజూపినప్పుడు ఆయన దానిని తీసుకొనక, ఆ సొమ్ముతో సవర పిల్లలకు మంచి బడి పెట్టమని కోరారని ఆయన జీవితమును గూర్చి వ్రాసినవారు చెబుతారు. ఇందులో ఔదార్యముతో పాటు ముందుచూపు కూడ ఉన్నది. ఒక మనిషి జేబు మీద ఆధారపడిన బడి ఆ మనిషి ఉన్నంతవరకే నడుస్తుంది. సర్కారు తన పనిగా తీసుకొంటేనే అది తరతరములకు నిలుస్తుంది. మద్రాసు ప్రభుత్వము 1913లో ఆయనకు రావు సాహెబు బిరుదు ఇచ్చింది. తరువాతి కాలమున కైజరు-ఇ-హింద్ పతకము కూడ వచ్చింది. బిరుదులు వచ్చినంత సులువుగా బడులు రాలేదు.

ఆ కొండలలో తరువాత సేవ చేసిన కెనడా బాప్తిస్టు మిషనరీలు కూడ సవర భాష నేర్చుకొనియే పని సాగించారు. ఎవరు వెళ్లినా, ఏ ఉద్దేశముతో వెళ్లినా, ఆ మాట నేర్వనిదే ఆ మనిషికి దగ్గర కాలేరను సంగతి వారికిని అనుభవములోనికి వచ్చింది.

వినికిడి పోయిన పంతులు

మన్యములో తిరిగినవారికి మన్యపు జ్వరము తప్పని కాలమది. రామమూర్తిగారికి మలేరియా సోకింది. దానికి అప్పటికి తెలిసిన మందు క్వినైను ఒక్కటే. అది జ్వరమును తగ్గిస్తుంది గాని మోతాదు మించితే చెవులలో హోరు పుట్టించి వినికిడిని దెబ్బతీస్తుంది. ఆయనకు అదే జరిగింది. చెవుడు వచ్చి జీవితాంతము ఉండిపోయింది.

ఈ సంగతిని చదువరులు కొంచెము ఆగి ఆలోచించవలెనని మా కోరిక. ఆయన పని అంతా చెవితో చేసే పని. లిపి లేని భాషలో గొంతున ఆగే చిన్న ధ్వనిని పట్టుకొని, దానికి గుర్తు పెట్టి, మాటను మాటనుండి వేరుచేసి వ్రాసుకొనే పని. ఆ పని కొరకు కొండలెక్కినందుననే ఆ పనికి కావలసిన చెవి దెబ్బతిన్నది. అంతేకాదు, వినికిడి తగ్గిన పంతులు తరగతి గదిలో ఎన్ని ఇబ్బందులు పడతాడో ఉపాధ్యాయులకు వేరుగా చెప్పనక్కర లేదు. వెనుక బల్లమీది పిల్లవాడు అడిగిన ప్రశ్న వినబడదు. తోటివారి మాటలు సగము సగముగా చేరుతవి. అయినను ఆయన బడి మానలేదు, సవర మానలేదు. కుమారులు గిడుగు సీతాపతిగారు కూడ సవర భాష నేర్చి తండ్రి పనిలో తోడైనారు. వినబడని పిల్లవాని బాధ, అర్థము కాని పిల్లవాని బాధ ఒక పోలికవే. రెండింటిలోను ఎదుటివాడు మాట్లాడుతుండగా తాను బయట ఉండిపోవుట ఉన్నది. ఆ బయట ఉండిపోవుట ఏమిటో రామమూర్తిగారికి తన దేహముతోనే తెలిసివచ్చింది.

తెలుగు పిల్లల సంగతి

ఇక అందరికి తెలిసిన కథ. 1907 ప్రాంతమున యేట్సు దొర అను ఆయన ఉత్తర కోస్తా జిల్లాల బడులకు ఇన్స్పెక్టరుగా వచ్చారు. తెలుగు తరగతులు తనిఖీ చేసినప్పుడు ఆయనకు ఒక వింత కనబడింది. పుస్తకములో ఒక తెలుగు ఉన్నది, పిల్లల నోట ఒక తెలుగు ఉన్నది. పుస్తకములో వచ్చెను, ఏతెంచెను అని ఉంటుంది. పిల్లవాడు ఇంటిలో వచ్చాడు అంటాడు. పంతులు గ్రాంథికమును వాడుక మాటలలోనికి మార్చి అర్థము చెప్పుటతోనే గంట గడచిపోతుంది. దీనికి కారణమేమని ఆయన విశాఖపట్నంలో ఏ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగారు. అయ్యంగారు గిడుగు, గురజాడ గార్లను చూపించారు.

రామమూర్తిగారికి ఈ ప్రశ్న క్రొత్తది కాదు. సవర బడిలో తాను చూసినదే తెలుగు బడిలోను జరుగుతున్నది. అక్కడ దూరము రెండు భాషల నడుమ, ఇక్కడ ఒకే భాషలోని రెండు రూపముల నడుమ. పిల్లవాడు తెలిసినదానినుండి తెలియనిదానికి పోవలెను గాని, తెలియనిదానిలో తలక్రిందులుగా పడరాదు. 1911లో ముప్పది యేండ్ల సర్వీసు కాగానే ఉద్యోగమునుండి విరమించుకొని, ఈ పనికే కాలమంతా వెచ్చించారు.

వాడుక భాషకై సాగిన పోరాటమును గూర్చి అనేక గ్రంథములున్నవి గనుక మేము క్లుప్తముగా చెబుతాము. 1912–13 ప్రాంతమున స్కూలు ఫైనలు పరీక్షలో వ్యాసమును కావ్యభాషలో గాని ఆధునిక భాషలో గాని వ్రాయవచ్చునని ఉత్తరువు వచ్చింది. జయంతి రామయ్య పంతులుగారు మొదలైన పండితులు, ఆంధ్ర సాహిత్య పరిషత్తువారు గట్టిగా ఎదిరించగా కొద్ది కాలములోనే ఆ వెసులుబాటు తొలగిపోయింది. రామమూర్తిగారు వెనుకంజ వేయక పూర్వ గ్రంథముల నుండియే ఉదాహరణములు ఏరి గద్యచింతామణి, బాలకవిశరణ్యము మొదలగు పుస్తకములు వ్రాశారు. 1919లో తెలుగు అను పేర మాసపత్రిక నడిపారు. ఊరూరు తిరిగి ఉపన్యసించారు. తాను అడిగిన ప్రశ్నకు ఎదుటివారు చెప్పే జవాబు చెవికి సరిగా ఆనని మనిషి ఇన్ని సభలలో వాదించారని తలచుకొంటే ఆశ్చర్యము కలుగుతుంది. పాఠ్యపుస్తకములలో వాడుక తెలుగు స్థిరపడుటకు ఆయన మరణము తరువాత కూడ చాల ఏండ్లు పట్టింది.

వ్యాకరణము, కోశము, చివరి దినములు

తెలుగు వివాదములు ఒకవైపు సాగుతుండగా సవర పని ఆగలేదు. 1931లో ఇంగ్లీషులో ఆయన వ్రాసిన సవర భాషా వ్యాకరణమును, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువును మద్రాసు ప్రభుత్వము అచ్చువేసింది. నిఘంటువు వెలువడునాటికి ఆయన వయస్సు డెబ్బది దాటింది. ముండా భాషలను పరిశోధించే దేశ విదేశ పండితులకు ఈ గ్రంథములు నేటికిని ఆధారములే. ఆంధ్ర విశ్వవిద్యాలయము ఆయనను కళాప్రపూర్ణ బిరుదముతో గౌరవించింది.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడింది. పర్లాకిమిడి పట్టణము అందులో చేరింది. తెలుగువారు అధికముగా ఉన్న ఊరు తెలుగు జిల్లాలకు దూరమగుట ఆయన సహించలేకపోయారు. ఏబది యేండ్లకు పైగా ఉన్న ఊరిని విడిచి రాజమహేంద్రవరం చేరారు. 1940 జనవరి 22న మద్రాసులో కన్నుమూశారు.

ఆ సరిహద్దు ఆయన ఇంటిని మాత్రమే కాదు, ఆయన సవరలను కూడ రెండుగా చేసింది. ఒకే కొండకు ఇటువైపు పిల్లవానికి బడి భాష తెలుగు అయినది, అటువైపు పిల్లవానికి ఒడియా అయినది. ఇంటి భాష మాత్రము ఇద్దరికి ఒక్కటే. అదే 1936లో అటువైపున మంగై గొమాంగో అను సవర పెద్ద తమ భాషకు సొరాంగ్ సొంపెంగ్ అను ప్రత్యేక లిపిని రూపొందించారు. తమ మాటకు అక్షరము కావలెనను కోరిక ఆ జనములోనే ఎంత బలముగా ఉన్నదో దీనివలన తెలుస్తున్నది.

ఆయన తరువాత

రామమూర్తిగారు మొదలుపెట్టిన పనిని రాష్ట్ర ప్రభుత్వము తన పథకముగా చేపట్టుటకు సుమారు నూరేండ్లు పట్టింది. 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఎనిమిది గిరిజన భాషలలో చిన్న తరగతులకు చదువు చెప్పే కార్యక్రమము మొదలుపెట్టింది. సవర, కొండ, కువి, ఆదివాసీ ఒడియా, కోయ, గోండి, కొలామీ, లంబాడీ భాషలకు తెలుగు లిపిలో వాచకములు తయారైనవి. మొదటి తరగతిలో పిల్లవాని భాషతో ఆరంభించి క్రమక్రమముగా తెలుగునకు నడిపించుట ఆ పద్ధతి. రామమూర్తిగారి సవర బడి పద్ధతికి ఇది ఎంత దగ్గరో వేరుగా చెప్పనక్కర లేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము వీలైనంతవరకు మాతృభాషలో బోధించవలెనని చెప్పింది. 2020 నాటి జాతీయ విద్యావిధానము కనీసము అయిదవ తరగతి వరకు ఇంటి భాషను వీలున్నచోటనెల్ల వాడవలెనన్నది. 2022లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో సీతంపేట, భామిని, గుమ్మలక్ష్మీపురం, కురుపాం మండలములు చేరినవి.

చట్టము వచ్చినంత మాత్రాన పిల్లవానికి బడి వచ్చినట్టు కాదు. పుస్తకము అచ్చయి గోదాములో ఉంటే చాలదు. సవర వచ్చిన పంతులు ఆ ఊరికి పోవలెను. పోయి ఉండవలెను. ఆ ఊరి బిడ్డలలోనుండియే పంతుళ్లు తయారు కావలెను. పై తరగతులకు ఇంగ్లీషు కావలెనని తల్లిదండ్రులు కోరుట సహజమే. దానిని తప్పు పట్టకూడదు. ఇంగ్లీషునకైనా తెలుగునకైనా మొదటి మెట్టు పిల్లవానికి అర్థమయ్యే మాట అని వారికి ఓపికగా చెప్పవలెను. రామమూర్తిగారి పట్టుదల ఈనాటికిని కావలసి ఉండుట ఇందుకే.

మనము చేయదగినది

సవర పిల్లలతోనే ఈ సంగతి ముగియదు. మన బడులలో చూపు తక్కువ పిల్లలు, వినికిడి లేని పిల్లలు, నడక కష్టమైనవారు, అక్షరములు తారుమారుగా కనబడేవారు, ఆలస్యముగా గ్రహించేవారు ఉన్నారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ఇరవై యొక్క రకముల వైకల్యములను గుర్తించి, ఇట్టి పిల్లలకు ఇతర పిల్లలతో కలసి చదివే ఏర్పాట్లు చేయవలెనని ఆజ్ఞాపించింది. మన జిల్లాలలో మండల కేంద్రములలో భవిత కేంద్రములు ఉన్నవి. అక్కడ ప్రత్యేక శిక్షణ పొందిన ఉపాధ్యాయులు పిల్లలకు చదువుతో పాటు వారి అవసరమును బట్టి సహాయము చేస్తారు. ఈ సంగతి తెలియక బిడ్డలను ఇంటిలోనే ఉంచుకొన్న తల్లిదండ్రులు మన ఊళ్లలో ఇంకను ఉన్నారు. సిగ్గు చేత కొందరు, దారి తెలియక కొందరు.

రామమూర్తిగారి జీవితమునుండి మేము గ్రహించినది ఒక్కటే. బడిలో పిల్లవాడు మౌనముగా ఉంటే వానికి తెలివి తక్కువని తీర్పు చెప్పుటకు ముందు, వానికి బడికి నడుమ ఏమి అడ్డుగా ఉన్నదో వెదకవలెను. అది భాష కావచ్చు, చెవి కావచ్చు, కన్ను కావచ్చు, ఆకలి కావచ్చు. అడ్డు కనబడిన తరువాత దానిని తొలగించుటకు నేర్చుకొనవలసినది, మారవలసినది ముందు పెద్దలు. ఆయన ముప్పది రూపాయల పంతులుగా ఉద్యోగములో చేరి ఆ పని చేశారు. ఏ పెద్ద పదవి ఆయనకు లేదు.

మన సభ్యులకు మా మనవి ఇది. కొండ ఊళ్ల బడులలో పనిచేసే మన ఉపాధ్యాయ సోదరీ సోదరులు ఆ ఊరి భాషలో పది మాటలైనా నేర్చుకొని తరగతిలో వాడవలెను. పట్నములో ఉన్నవారు తమ వీధిలో బడి మానిన బిడ్డ ఎవరో, ఎందుకు మానినదో ఒకసారి ఆ ఇంటికి వెళ్లి కనుగొనవలెను. వినబడని బిడ్డ, కనబడని బిడ్డ ఉన్నదని తెలిస్తే ఆ తల్లిదండ్రులను వెంటబెట్టుకొని మండల కేంద్రములోని భవిత కేంద్రమునకు తీసుకొనిపోవలెను. వచ్చే ఆగస్టు 29న తెలుగు తల్లికి పూలమాల వేసే పెద్దలు, సీతంపేట కొండలలోని సవర పిల్లలకు ఈ సంవత్సరము సవర వాచకములు చేరినవో లేదో ఆ దినముననే విచారించుకొంటే బాగుండును.